షట్టర్లు అవే, పిడులు మార్చాం: సముద్రం పక్కన ఒక ఫ్లాట్ కేస్ స్టడీ

విశాఖలో లాసన్స్ బే వైపు, సముద్రం కనిపించే దూరంలో ఉన్న మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ ఇది. గృహప్రవేశం అయ్యి మూడేళ్ళు. ప్లైవుడ్ దిట్టంగా ఉంది, పైన అంటించిన లామినేట్ రేకు ఎక్కడా లేవలేదు, హింజులు చప్పుడు లేకుండా పడుతున్నాయి. పాడైనవి కబ్బోర్డుల హ్యాండిల్సే. వంటగదిలో క్రోమ్ పూత పొక్కులు లేచి, గోరు తగిలితే రేకులుగా ఊడుతోంది. పెద్ద బెడ్‌రూమ్‌లో రోజ్ గోల్డ్ పిడులు వేళ్ళు పడే చోట బూడిద రంగుకి తిరిగాయి. బాత్‌రూమ్ కబ్బోర్డు నాబ్ (గుండ్రటి గుబ్బ) పట్టుకుంటే చేతికి నలుపు అంటుతోంది.

ఇంట్లో నలుగురు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, నాలుగేళ్ళ పాప, డెబ్బై దాటిన అత్తగారు. ఆవిడది శ్రీకాకుళం వైపు. చేతి వేళ్ళ కీళ్ళు పట్టేసి ఉంటాయి, పొద్దున పూట మరీను. "ఏటమ్మా, నా చీర నేను తీసుకోడానికి కూడా కోడల్ని పిలవాలా?" అని అడిగారు నన్ను, మొదటిసారి వెళ్ళినప్పుడే. కోడలు నన్ను పిలిచింది తుప్పు గురించి. పనికి దారి చూపింది మాత్రం అత్తగారి మాట.

ఇంటీరియర్ పనుల్లో హ్యాండిల్స్ వంతు ఎప్పుడూ ఆఖర్న వస్తుంది. బడ్జెట్ అయిపోయి, అందరూ అలిసిపోయాక, షాపులో బోర్డు మీద బిగించిన నమూనాల్లో ఒకదాన్ని చూపించి "ఇల్లంతా ఇదే వేసెయ్యండి" అంటారు. నాకు ఈ పద్ధతి నచ్చదు. షట్టర్‌ని, అంటే కబ్బోర్డు తలుపుని, మనం చూస్తాం, పిడిని ముట్టుకుంటాం. పట్టుకునే చెయ్యి ఎవరిది, ఆ చేతికి ఏం అంటుకుని ఉంటుంది, ఆ గదిలో గాలి ఎలాంటిది, ఈ మూడూ తేలాకే రంగూ ఆకారమూ ఎంచుకోవాలి. అలా ఎంచుకుంటే వంటగదిలో పిడి, పూజగదిలో పిడి, పిల్లల గదిలో పిడి వాటంతట అవే వేరు వేరుగా వస్తాయి.

ముందు చిల్లులు కొలిచాం

షట్టర్లు మార్చకూడదన్నది ఇంటివాళ్ళ షరతు. అంటే ఉన్న చిల్లులకి కట్టుబడాలి. పిడి ఎప్పుడైనా మార్చుకోవచ్చు, లామినేట్‌కి పెట్టిన చిల్లు మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకే నేను షాపుకి వెళ్ళక ముందు ప్రతి షట్టర్‌కీ చిల్లుల మధ్య దూరం, ఒక చిల్లు నడిమి నుంచి ఇంకో చిల్లు నడిమికి, మిల్లీమీటర్లలో రాసుకుంటాను. షాపులో నాలుగంగుళాలది, ఆరంగుళాలది అని అడిగితే ఇచ్చేస్తారు. ఒక్కో కంపెనీ అంగుళాలు పిడి మొత్తం పొడవుకి చెబుతుంది, ఇంకోటి చిల్లుల దూరానికి చెబుతుంది. మిల్లీమీటర్లలో ఈ గొడవ ఉండదు. ఇప్పటి హ్యాండిల్స్ ఎక్కువగా 32 మిల్లీమీటర్ల లెక్క మీద తయారవుతాయి: 64, 96, 128, 160, 192, 224, 256, 320. ఈ ఇంట్లో వంటగదిలో 128, పెద్ద బెడ్‌రూమ్‌లో 224, బాత్‌రూమ్‌లోనూ అత్తగారి గదిలోనూ ఒంటి చిల్లు నాబ్‌లు ఉన్నాయి.

తర్వాత చూడాల్సింది లోహం. ఊడదీసిన పాత పిడుల్లో ఎక్కువ భాగం జింక్ మిశ్రమంతో పోత పోసి, పైన పూత వేసినవే. ఇందులో మోసమేమీ లేదు. ఏ ఆకారం కావాలన్నా పోత పొయ్యొచ్చు, ధర తక్కువ, వరంగల్‌లోనో కర్నూలులోనో అయితే చాలా కాలం బాగానే ఉండేవి. ఉప్పు గాలిలో మాత్రం పూతలో సూది మొనంత లోపం ఉన్నా తేమ కిందికి దిగుతుంది, లోపల జింక్ తినేసి పొక్కు లేస్తుంది. పైన పాలిష్ చేస్తే ప్రయోజనం ఉండదు.

స్టీలుకి వెళ్దామంటే అక్కడా చూసుకోవాలి. మార్కెట్లో స్టెయిన్‌లెస్ అని ఇచ్చేదాంట్లో 202 గ్రేడు చాలా ఉంటుంది. అందులో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. 304లో క్రోమియం దాదాపు 18 శాతం, నికెల్ 8 శాతం. 316లో వీటికి తోడు మాలిబ్డినమ్ 2 నుంచి 3 శాతం కలుస్తుంది, ఉప్పుని తట్టుకునే బలం దాని వల్లే. చాలామంది అయస్కాంతం పెట్టి, అతుక్కోకపోతే 304 అనుకుంటారు. 202 కూడా అతుక్కోదు. పాత ఇనుము కొనేవాళ్ళ దగ్గర ఉండే చుక్కల మందు, చిన్న బ్యాటరీ ఉన్న కిట్ నయం. చుక్క ఎర్రబడితే మాంగనీస్ ఎక్కువున్న, 202 లాంటి 200 సిరీస్ అన్నమాట. ఆ కిట్ నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది, షాపువాళ్ళు కూడా ఏమీ అనుకోరు.

సముద్రం దగ్గర ఉండేవాళ్ళు గీతల బ్రష్ ఫినిష్ అడిగితే నేను ఒకసారి ఆలోచించమంటాను. స్టీలు ఎంత నునుపుగా ఉంటే ఉప్పు అంత తక్కువ నిలుస్తుంది. లోతు గీతల్లో అది చేరి టీ మరకలాంటి గోధుమ రంగు పట్టుకొస్తుంది. సన్నటి శాటిన్ ఫినిష్ తీసుకుని, వారానికోసారి మంచినీళ్ళ గుడ్డతో తుడిస్తే చాలు.

వంటగది

ఎక్కువ ఆలోచన ఇక్కడే పట్టింది. పాత పిడులు టీ ఆకారం కడ్డీలు, రెండు కొసలూ బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. కేటలాగులో చాలా అందంగా కనిపిస్తాయి. మన వంటగదుల్లో చీర కొంగు, చున్నీ, గాజులు అన్నీ వాటికి తగులుకుంటాయి. పొయ్యి ముందు నిలబడి వెనక్కి తిరిగిన ప్రతిసారీ కొంగు లాగుతోందని కోడలు చెప్పింది. చేతిలో మరిగే సాంబారు గిన్నె ఉన్నప్పుడు కొంగు పట్టుకునే పిడి ప్రమాదమే. కాబట్టి కొసలు షట్టర్ వైపే వంగి ముగిసే డి ఆకారం పిడి. అదే 128, అవే చిల్లులు, 304 స్టీలు.

గీతలు చెక్కిన నర్లింగ్ కడ్డీలు ఇప్పుడు బాగా నడుస్తున్నాయి, కోడలికి అవే నచ్చాయి. నేను ఒకటి తెప్పించి, పాత చిల్లులకే బిగించి, పోపుల డబ్బా ఉండే సొరుగుకి పెట్టాను. కొన్ని రోజులు వాడమన్నాను. తాలింపు ఆవిరి, పసుపు చెయ్యి, దోసెల పిండి అన్నీ ఆ గీతల్లోకి చేరి, టూత్‌బ్రష్ పెట్టి తోమితే తప్ప పోలేదు. ఆవిడే వద్దని తీసేయించింది. ఒక్క పిడి కొని ఇంట్లో వాడి చూడటానికి అయ్యే ఖర్చు ఎంతో ఉండదు. ఇంటికంతా ఆర్డర్ పెట్టే ముందు ఇది తప్పకుండా చెయ్యాలి.

కింద గిన్నెలుండే రెండు పెద్ద సొరుగులు 900 మిల్లీమీటర్ల వెడల్పువి. స్టీలు గిన్నెలు, కుక్కర్లు నిండాక మంచి బరువు. మధ్యలో 128 పిడి ఉంటే ఒక చెయ్యే పడుతుంది. ఆ చెయ్యి కాస్త పక్కకి పడితే సొరుగు వంకరగా లాగుతుంది, సొరుగు జారే ఛానెల్ మీద భారం పడుతుంది. అందుకని ఆ రెండింటికీ 320 పిడి వేశాం, రెండు చేతులూ పడతాయి. పిడి సొరుగు వెడల్పులో మూడో వంతు ఉంటే చూపుకి బాగుంటుందని ఒక వాడుక లెక్క ఉంది, ఇక్కడ దానికీ సరిపోయింది. పాత చిల్లుల్ని లామినేట్ రంగు మైనంతో పూడ్చాం. కొత్త పిడి వాటి మీదుగానే వెళ్తుంది కాబట్టి నీడలో కనిపించవు.

ఎల్ ఆకారం మూల దగ్గర ఇంకో చిక్కు ఉంది. సింకు పక్క సొరుగు లాగినప్పుడల్లా అడ్డంగా ఉన్న షట్టర్ పిడికి కొట్టుకునేది. సొరుగు ముఖం మీద ఒకటే చోట తెల్లటి గీత, లామినేట్ పొర చెక్కుకుపోయింది. మూలలో ఎడం కోసం వదిలిన ఫిల్లర్ పట్టీ వెడల్పు 30 మిల్లీమీటర్లే, పాత పిడి బయటికి 35 పొడుచుకొచ్చేది. ఆ ఒక్క షట్టర్‌కి 26 మాత్రమే బయటికొచ్చే సన్న పిడి వేశాం. కడ్డీ మందం 8 పోను వేళ్ళకి మిగిలేది 18. అత్తగారి వేళ్ళకి అది చాలదు. ఆ షట్టర్ వెనక ఉన్నది చెత్తబుట్ట, చీపురు సామాను కాబట్టి ఆవిడ తెరిచే అవసరం లేదని అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకున్నాను. కొత్తగా వంటగది కట్టించుకునేవాళ్ళు మూలలో ఫిల్లర్ కనీసం 50 అయినా వదలమని కార్పెంటర్‌కి ముందే చెప్పండి.

పై కబ్బోర్డులకి పిడి కింది మూలకి దగ్గరగా, కింది కబ్బోర్డులకి పై మూలకి దగ్గరగా ఉండాలి. ఇక్కడ అలాగే ఉన్నాయి. అసలు పిడే లేకుండా గోలా ప్రొఫైల్ (షట్టర్ అంచు వెనక వేళ్ళు దూర్చి లాగే లోహపు గాడి) పెట్టొచ్చు కదా అని భర్త అడిగారు. అది బాక్సు కట్టేటప్పుడే అనుకోవాలి, ఇప్పుడు కుదరదు. నొక్కితే తెరుచుకునే పుష్ మెకానిజం కూడా వద్దన్నాను. జిడ్డు చేత్తో షట్టర్ మధ్యలో నొక్కుతూ ఉంటే లేత రంగు లామినేట్ ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అత్తగారి గది

ఆవిడ వార్డ్‌రోబ్‌కి ఉన్నవి గాజు పలకల గుండ్రటి నాబ్‌లు, చిన్నవి. నాబ్‌ని బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కి పట్టి లాగాలి. కీళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి బాగా నొప్పి పెట్టే కదలిక అదే. నేను వాడే పరీక్ష తేలికైనది: బొటనవేలి సాయం లేకుండా, మిగతా నాలుగు వేళ్ళూ కొక్కెంలా తగిలించి తెరవగలగాలి. వికలాంగులకి అనువైన కట్టడాల గురించి అమెరికాలో ఉన్న ఏడీఏ ప్రమాణాలు కూడా ఇదే చెబుతాయి: ఒక చేత్తో, గట్టిగా పట్టకుండా, నొక్కకుండా, మణికట్టు తిప్పకుండా తెరుచుకోవాలి, 5 పౌండ్లు, అంటే సుమారు రెండుంబావు కిలోల బలం మించకూడదు.

160 డి పిడి, లోపల వేళ్ళకి 35 మిల్లీమీటర్ల ఖాళీ, అంచులు గుండ్రం. ఒంటి చిల్లు ఉన్న చోట రెండు చిల్లుల పిడి ఎలా అంటే, పాత చిల్లునే పై చిల్లుగా వాడుకుని కిందికి 160 దూరంలో ఇంకోటి పెట్టించాం. పూడ్చడం, అతుకు వెయ్యడం ఏమీ లేదు. ఆవిడ చెయ్యి పైకెత్తడం కష్టం కాబట్టి పిడి కిందికి సాగడం మేలే అయింది.

పిడి మార్చాక కూడా మొదటి లాగుడు బరువుగానే ఉంది. తలుపుని మూసి పట్టి ఉంచే అయస్కాంతం క్యాచ్‌లు లోపల రెండు ఉన్నాయి, ఒకటి తీయించాం. హ్యాండిల్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో ఇలా క్యాచ్ వల్లో హింజు వల్లో వచ్చేవి చాలానే ఉంటాయి, అది కూడా చూడాలి. ఆవిడ తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "ఇప్పుడు తేలిగ్గుంది" అని తనే చీరలు సర్దుకోవడం మొదలెట్టారు.

పూజగది

ఇక్కడ స్టీలు నాకు ససేమిరా ఇష్టం లేదు. వత్తులు, కర్పూరం, కుంకుమ భరిణె పెట్టుకునే మూడు చిన్న సొరుగులు, పైన టేకు వెనీర్ (పల్చటి కర్ర పొర). ఇత్తడే కావాలి. షాపులో దొరికే ఇత్తడి నాబ్‌లకి పైన లాకర్ (lacquer) అనే పారదర్శకమైన పూత ఉంటుంది, మెరుపు పోకుండా. నూనె చేతులు, దీపం వేడి, రోజూ ముట్టుకోవడం, వీటివల్ల ఆ పూత మచ్చలుగా పోయి, పోయిన చోట మాత్రమే నల్లబడుతుంది. అది చూడటానికి బాగుండదు, చింతపండు పెట్టి తోమినా సమంగా రాదు. కాబట్టి పూత లేని ఇత్తడి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనికి పేరున్న ఊరు. అక్కడ పనిచేసేవాళ్ళ దగ్గర చిన్న మొగ్గ ఆకారంలో గుబ్బలు పోత పోయించాం. అత్తగారి సంతోషానికి అది కూడా ఒక కారణం.

పూత లేని ఇత్తడిని తోమాలి. పండక్కి ముందు చింతపండుతో తోముతారు, ఆ పులుపు రసం వెనీర్ మీద కారితే కర్ర మచ్చపడుతుంది. దీనికోసం గుబ్బకి వెనక పొడవాటి మరల కడ్డీ పెట్టించి, సొరుగు లోపల స్క్రూకి బదులు చేత్తో తిప్పే రెక్కల నట్టు బిగించాం. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. గుబ్బ ఊడదీసి, మిగతా ఇత్తడి సామానుతో పాటు తోమి, బాగా కడిగి, తడి లేకుండా తుడిచి మళ్ళీ బిగించుకుంటారు. ఈ ఇంట్లో చేసిన పనులన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

పాప గది

ఏటికొప్పాక లక్క పని అందరికీ తెలిసిందే, ఇప్పుడది అనకాపల్లి జిల్లాలో ఉంది. అంకుడు కర్రని తరిణె పట్టి, తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క అద్దుతారు. బొమ్మలు చేసే చేతులకి గుబ్బలు చెయ్యడం కష్టమేమీ కాదు. 38 మిల్లీమీటర్ల వ్యాసంతో, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో చేయించాం. స్క్రూ ఎక్కడానికి గుబ్బ లోపల ఇత్తడి మర గొట్టాలు పొదిగించాం, కర్రలోకి నేరుగా స్క్రూ దింపితే కొంతకాలానికి వదులవుతుంది. చిన్న చేతికి గుండ్రటి గుబ్బ సులువు, నెత్తికి తగిలినా కోసుకోదు. పిల్లలు తిప్పుతూ కూర్చుంటారు కాబట్టి మరలకి లాక్ చేసే జిగురు ఒక చుక్క వేశాం. ఊడి నోట్లోకి వెళ్ళే అవకాశం ఉండకూడదు.

వీటికి రెండు జాగ్రత్తలు. శానిటైజర్, స్పిరిట్ పెట్టి తుడవకూడదు, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఎండ నేరుగా పడే చోట సహజ రంగులు వెలుస్తాయి, అందుకే కిటికీ వైపు షట్టర్‌కి వెయ్యలేదు.

మిగతావి

పెద్ద బెడ్‌రూమ్‌కి 224 పిడులు, స్టీలు మీద పీవీడీ పూత (శూన్యంలో లోహాన్ని ఆవిరి చేసి వేసే పల్చటి పొర), షాంపేన్ రంగు. పీవీడీ మామూలు పూత కన్నా చాలా గట్టిది. కింద లోహం ఏమిటో కూడా అడగాలి, జింక్ పోత మీద వేసిన పీవీడీకి ఉప్పు గాలిలో అదే బెడద. పిడి లోపలి అంచులు వేలితో తడిమి చూసి తీసుకున్నాం, చిన్న గరుకున్నా పట్టుచీర పోగు లేస్తుంది.

బాత్‌రూమ్ కబ్బోర్డుకి 316 స్టీలు, 96 డి పిడి. సబ్బు చేతికి నాబ్ జారుతుంది. అక్కడ అసలు కారణం లోపలే ఉంది: టాయిలెట్ కడిగే యాసిడ్ సీసా మూత సరిగ్గా పడక, లోపలంతా దాని ఆవిరి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరికి 316 కూడా నిలవదు. సీసాని అక్కడి నుంచి తీయించి, బాల్కనీలో పైన పెట్టమన్నాం.

హాల్లో క్రాకరీ యూనిట్‌కి డల్లాస్‌లో ఉండే ఆడపడుచు పంపిన గాజు నాబ్‌లు ఉన్నాయి, పెట్టె విప్పకుండా. అమెరికా సరుకుకి అంగుళాల లెక్కలో 8-32 అనే మర ఉంటుంది, మనది 4 మిల్లీమీటర్ల ఎం4. చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతాయి, బలవంతం చేస్తే మర చెడుతుంది. వాటితో వచ్చిన ఒక అంగుళం స్క్రూ షట్టర్‌కి సరిపోయింది. సొరుగు ముఖం రెండు పొరలు, ఆ పొడవులో 8-32 స్క్రూ ఊళ్ళో దొరకలేదు. షట్టర్లకి గాజు నాబ్‌లు, కింది సొరుగులకి ఇత్తడి రంగు పిడులు పెట్టి సర్దాం. అక్కడి నుంచి ఎవరైనా పంపిస్తామంటే పొడవు స్క్రూలు కూడా పెట్టమనండి. అక్కడి మూడు ముప్పావు అంగుళాల పిడి మన 96కి సరిపోతుంది, మూడంగుళాలది 76, మన లెక్కలో అది లేదు.

బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్క అలమరకి ఏ లోహమూ పెట్టలేదు. షట్టర్ అంచులోనే చెయ్యి పట్టేంత అర్ధచంద్రం కోయించి, అంచు పట్టీ వేయించాం.

రంగులు ఎక్కువైపోయాయా అన్న టెన్షన్ కోడలికి మొదట్నుంచీ ఉంది. ఒక చోట నిలబడితే కంటికి ఒకేసారి కనిపించేవి కలిస్తే చాలని నా అభిప్రాయం. హాల్లో నిలబడితే వంటగది స్టీలు, క్రాకరీ, పూజగది ఇత్తడి కనిపిస్తాయి, ఆ రెండు రంగులే. బెడ్‌రూమ్ తలుపు వేస్తే లోపల ఏ రంగున్నా హాలుకి సంబంధం లేదు.

బిగింపు

షట్టర్ 18 మిల్లీమీటర్ల ప్లై, రెండు వైపులా లామినేట్ కలిపి దాదాపు 20. దానికి 25 పొడవున్న ఎం4 స్క్రూ సరి. 30ది వేస్తే స్క్రూ పిడి లోపల అడుగు తాకి ఆగిపోతుంది, పిడి వదులుగానే ఉంటుంది. కార్పెంటర్ ఇంకా తిప్పితే మర పోతుంది. కొత్త చిల్లులన్నీ ముఖం వైపు నుంచి, మాస్కింగ్ టేప్ అంటించి, వెనక ఒక చెక్క అదిమి పట్టి, 5 మిల్లీమీటర్ల బిట్‌తో వేయించాం. అలా చేస్తే లామినేట్ పెచ్చులూడదు. కొలతకి ప్లై ముక్కతో ఒక జిగ్ (చిల్లు చోటు చూపే అచ్చు) చేయించి, దాన్నే అన్ని షట్టర్లకీ వాడాం. చివర్లో గట్టిగా కాకుండా చేతి బలంతోనే బిగించమన్నాను, పవర్ స్క్రూడ్రైవర్ ముట్టుకోనివ్వలేదు.

ఒక వానాకాలం గడిచాక వెళ్ళి చూశాను. వంటగది పిడులు బాగున్నాయి. సింకు ఎదురుగా ఉన్న రెండింటి అడుగు వైపు మాత్రం సన్నగా గోధుమ రంగు కనిపించింది, గుడ్డ పైపైనే తిరుగుతోంది. వంటసోడా తడిపి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయింది. పనమ్మాయికి అడుగు వైపు కూడా తుడవమని చూపించాం, పీచు వాడొద్దని చెప్పాం. పాప గదిలో ఒక ఎర్ర గుబ్బ మీద చిన్న పెచ్చు లేచింది, విడిగా చేయించి పెట్టిన రెండింటిలో ఒకటి వేశాం. ప్రతి రకంలోనూ రెండేసి ఎక్కువ కొని, వాటి స్క్రూలతో సహా, ఏ గదివో రాసి వంటగది పై అరలో డబ్బాలో పెట్టించాను. మోడళ్ళు త్వరగా మారిపోతాయి, అదే పిడి తర్వాత దొరుకుతుందన్న నమ్మకం లేదు.